చెరువు నా పేరున ఉంది

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. అప్పులు తీర్చలేక ఐపీ పెట్టేముందు రొయ్యల చెరువు నాకు అమ్మినట్టు రాశావు కదా. "సంతకమే కదమ్మా" అన్నావు; పైసా ఇవ్వకుండా సంతకం పెట్టాను. ఇప్పుడు టీచరుకి చెరువు కొనే డబ్బెక్కడిదని నాకు ఇన్‌కమ్‌ట్యాక్స్ నోటీసు వచ్చింది.

నిన్న వదినతో కలిసి భీమవరంలో లాయరుగారి దగ్గరికి వెళ్లాను.

"డబ్బిచ్చానంటే లెక్క చూపించాలండి. ఇవ్వలేదంటే కోర్టు అమ్మకం రద్దు చేసి, చెరువు వేలం వేసి అప్పులవాళ్లకి పంచుతుంది" అన్నారాయన. "ఇంతకీ ఇచ్చారా అండి?"

నేను చేతిలోని నోటీసు వంక చూశాను. ఆ చెరువు మీదే బతుకుతున్న వదినే, "ఇవ్వలేదండి" అంది.

పొద్దున్నే ఎప్పటిలాగే రొయ్యలకి మేత వెయ్యడానికి వెళ్లింది. ఎండెక్కింది, ఇంకా రాలేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది.

ఇక రాయలేను అన్నయ్యా, చెరువు దగ్గరికి వెళ్తున్నాను.