ప్రసన్నక్క జవాబు

వడమాలపేట, జూన్ 3

ప్రియమైన ప్రసన్నక్కకు,

కిడ్నీ జబ్బున్నవాళ్ల వంటల గురించి మీ వెబ్‌సైటులో చదివి, జనవరిలో నా పేరు, ఊరు పెట్టి ఒక ప్రశ్న రాశాను. మీరు జవాబిచ్చారు. ఆ ప్రశ్న తీసేయండక్కా. నాకు జబ్బుందని నేను పనిచేసే రేణిగుంట ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. వచ్చే నెల కొందరిని పర్మనెంటు చేస్తారట. మా సూపర్‌వైజరు ధనశేఖర్ ఒక్కొక్కరి పేరూ ఊరూ ఫోన్లో కొట్టి చూస్తున్నాడు. నిన్న మా లైనులో తాయమ్మ డాన్సు రీలు దొరికింది. "మా తాయమ్మా, ఇంత బాగా ఆడతాండావే, ఇంగ ఈడ మిషనెందుకు నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తీసేయమని అడిగితే కారణం అడగకుండా తీసేస్తానని సైటులో రాశారు కదా, ఆ ధైర్యంతో ఈ మెయిలు పంపుతున్నాను. మీ ఆరోగ్యం ఎలా ఉంది?

మీ చెల్లెలు,
కోమలి

చిత్తూరు, జూన్ 11

చెల్లెలు కోమలికి,

నేను ప్రసన్నకుమారి భర్తను. ఆమె ఫిబ్రవరిలో పోయింది. డయాలిసిస్‌కు వెళ్లిన రోజే.

సైటు సంగతి నాకు పెద్దగా తెలియదు. ఆమె రాసిపెట్టిన పాస్‌వర్డుతో తెరిచాను. నీ ప్రశ్న తీసేస్తే దాని కింద ఆమె జవాబు కూడా పోతుందట. ఆమె అక్కడ రాసిన చివరి మాటలు అవే. కాగితం మీద ఎక్కించి దాచుకోవచ్చు. కానీ అక్కడ ఉన్నంతకాలం ఆమె ఇంకా ఎవరికో జవాబు చెబుతున్నట్టే ఉంటుంది.

నీ పేరు, ఊరు మాత్రం తీసేస్తే సరిపోదా?

ఇట్లు,
సుందరరాజు

వడమాలపేట, జూన్ 12

ప్రియమైన సుందరరాజన్నకు,

అక్క లేదని తెలిసి రాత్రి అన్నం సయించలేదు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. గొంతైనా వినలేదు.

మీ బాధ తెలియక కాదన్నా. మొత్తం తీసేస్తేనే నాకు నిద్ర. ఈ ఉద్యోగం ఉంటేనే మందులు. మా అమ్మేమో, "నోరు మూసుకోని పన్జెయ్ మే. రోగం మొగాన రాసుండాదా?" అంటుంది. ముఖాన లేదన్నా, మీ సైటులో ఉంది.

మీ చెల్లెలు,
కోమలి

చిత్తూరు, జూన్ 20

చెల్లెలు కోమలికి,

నీ పేరు, ఊరు తీసేసి 'ఒక సోదరి' అని పెట్టాను. మిగతాది అలాగే ఉంచాను. నిన్నిక ఎవరూ గుర్తుపట్టరు. రోజూ పొద్దున్నే ఆ జవాబు ఒకసారి చదువుకుంటాను. మన్నించు.

సుందరరాజు

వడమాలపేట, జూలై 2

అన్నా,

నిన్న ధనశేఖర్ ఆఫీసుకు పిలిచి ఫోను నా వైపు తిప్పాడు. ప్రశ్న మీద నా పేరు లేదు. అక్క జవాబులో ఉంది. "కోమలీ, వడమాలపేటలో బస్సెక్కేముందే నీళ్లు కొలిచి సీసాలో పోసుకో. డాక్టరు చెప్పినన్నే తాగు. అలుపొస్తే మిషను నిలిపేసి కూచో మే, ఎవురేమన్నా అననీ."

ఆయన అరవలేదు. "మీ అక్క కూచోమంటా ఉండాది గదమ్మా. ఇంటికాడ కూచో పో," అన్నాడు. గేటు దగ్గర కార్డు తీసేసుకున్నారు.

మీరు చూసుకోలేదేమో. ఇప్పుడు తీసినా ఒకటే, ఉంచినా ఒకటే. రెండు వారాలకు మాత్రలున్నాయి.

కోమలి

చిత్తూరు, జూలై 5

కోమలికి,

చూశాను. ఆమె జవాబులో నీ పేరుందని నాకు తెలుసు. రెండుసార్లు చెరపబోయాను. ఆమె రాసిన వాక్యంలో ఒక్క మాట తీయడానికి చెయ్యి రాలేదు. అంతదూరం ఎవరు చదువుతారులే అనుకున్నాను. నీ ఉద్యోగం పోగొట్టింది నేను.

నిన్న రేణిగుంటకు వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్, "ఆ పాపకు మీరేమవతారు సార్?" అన్నాడు. ఏమీ కానన్నాను. లోపలికి పంపలేదు.

ఈ రోజు నీ ప్రశ్న, ఆమె జవాబు తీసేశాను. కాగితం మీద ఎక్కించుకోలేదు. ఇంకా నూట నలభై మంది పేర్లు, జబ్బులు అక్కడ ఉన్నాయి. ఆమెను నమ్మి రాసినవాళ్లు. సాయంత్రానికి అవీ ఉండవు.

ఈ మెయిలు పంపాక నీ చిరునామా కూడా తీసేస్తాను. నీది ఏదీ నా దగ్గర ఉండకూడదు. మాత్రలు అయిపోయాక ఏం చేస్తున్నావో తెలుసుకునే దారి నాకు ఉండదు. కావాలంటే నువ్వే రాయాలి. రాస్తావనుకోను.

సుందరరాజు