మేడ మీద జొన్నలు

మున్సిపల్ డిప్యూటీ కమిషనర్ గారికి,
శేరిలింగంపల్లి.

అయ్యా,

విషయం: మియాపూర్ బస్ డిపో వెనుక వీధిలోని మా అపార్ట్‌మెంటు మేడ మీద పావురములకు గింజలు వేయుట – నిలుపుదల చేయించు నిమిత్తము.

పై విషయమై ఐదవ అంతస్తు, 504వ ఫ్లాటు నివాసి, పార్థసారథి, వయస్సు 46, అవివాహితుడు, తమకు మనవి చేసుకొనునది.

1. నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేయుచున్నాను. గత సంవత్సరం ఫిబ్రవరిలో నాకు కిడ్నీ మార్పిడి జరిగినది. కిడ్నీ ఇచ్చినవారు మా అక్కగారు రాజరాజేశ్వరి. నన్ను చూసుకొనుటకు ఉద్యోగము ముందుగానే మానుకొని నాతోనే ఉంటున్నారు.

2. వచ్చిన కిడ్నీని నా ఒళ్ళు పరాయిదని గెంటివేయకుండుటకు, ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణచు మాత్రలు పూటకు ఒకసారి చొప్పున జీవితాంతము వేసుకొనవలెను. వాటి ఫలితములు:

(అ) చేతులు వణుకును. కాఫీ సగం గ్లాసే పోయించుకొనుచున్నాను.

(ఆ) ముఖము గుండ్రముగా ఉబ్బినది. ఆఫీసు గేటు దగ్గరి కెమెరా నన్ను గుర్తించుట లేదు. సెక్యూరిటీ అతను రోజూ విజిటర్ స్లిప్పు రాసి లోపలికి పంపుచున్నాడు. పన్నెండేళ్ళుగా అక్కడే పని చేయుచున్నాను.

(ఇ) జుట్టు పలచబడినది. షుగరు వచ్చినది.

(ఈ) సంతోషము గాని దుఃఖము గాని తెలియుట లేదు. ఇది కూడా మాత్రల వల్లనేనా అని డాక్టరు గారిని అడిగితిని. "నిద్ర పడుతోందా?" అని అడిగి ఇంకొక మాత్ర రాసినారు.

వీటిలో దేనిపైనా తమకు ఫిర్యాదు చేయుట లేదు. అలవాటైనవి.

3. ఫిర్యాదు పావురముల గురించి మాత్రమే. నా పడకగది పైనే మేడ. ప్రతి ఉదయం అక్కడ జొన్నలు వేయుట చేత సుమారు రెండు వందల పావురములు చేరుచున్నవి. రెట్ట ఎండి పొడియై నా కిటికీలోనికి వచ్చుచున్నది. ఇతరులైతే దులుపుకొని పోవుదురు. నావంటి వారికి అందులోని బూజు ఊపిరితిత్తులలో పాతుకొనును. ఆగస్టులో న్యుమోనియాతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటిని. "మీ ఇంటి దగ్గర పావురాలున్నాయా?" అని డాక్టరు గారు అడిగినారు. అక్క మందుల కోసం కిందికి వెళ్ళి ఉన్నది. లేవని చెప్పినాను. ఇంకొకసారి ఇట్లు జరిగితే మాత్రలు తగ్గించక తప్పదనియు, తగ్గిస్తే కిడ్నీ నిలవదనియు వారు చెప్పినారు.

4. గింజలు ఎవరు వేయుచున్నారని వాచ్‌మన్ కిష్టయ్యను విచారించితిని. "ఎవరో ఏంది సార్, మీ అక్కనే. పొద్దుగాల ఆరింటికి చాట పట్టుకొని ఎక్కుతది. జర పైలం అమ్మా అంటే నవ్వుతది" అని చెప్పినాడు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఇంకెవరి పేరైనా చెబుతాడేమో అని అడిగాను.

5. కారణము: ఆపరేషన్ అయిన తరువాత రెండు రోజులు నాకు మూత్రము రాలేదు. పక్క వార్డులో కుట్లతో పడుకున్న అక్కకు కిటికీ మీద పావురము కనబడినదట. వీడికి చుక్క పడితే బతికున్నంత కాలం వీటికి గింజలు వేస్తానని వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నది. మూడవ రోజు వచ్చినది.

6. నీవే చెప్పవచ్చును కదా అని తమరు అడుగవచ్చును. మూడుసార్లు ప్రయత్నించితిని. చివరిసారి భోజనము దగ్గర. నాకు ఉప్పు తగ్గించమన్నారని అక్క తానూ చప్పిడి కూరే తింటున్నది. "అక్కా, ఆ పావురాలు..." అన్నాను. "చూశావా, ఇవాళ గోధుమరంగువి రెండు కొత్తవి వచ్చాయిరా" అన్నది. మజ్జిగ పోసుకొని లేచాను. ఒంట్లోంచి కోసి ఇచ్చిన మనిషిని గుప్పెడు జొన్నలు వేయొద్దని ఏ మొహం పెట్టుకొని చెప్పేది? ఈ మొహం చూస్తేనే ఆవిడ కళ్ళు తిప్పుకుంటోంది.

7. కావున, ఎవరి పేరూ లేకుండా అన్ని ఫ్లాట్లకు కలిపి ఒక నోటీసు ఇప్పించవలసినదిగా ప్రార్థన. ప్రభుత్వము వారు వద్దన్నట్లు ఉంటే చాలును. జనములో నిలబడరాదని నాకు ఆంక్ష ఉన్నందున, ఈ అర్జీని కవరులో పెట్టి అంటించి మా అక్క చేతికే ఇచ్చి పంపుచున్నాను. మురుగు కాలువ గురించి అని చెప్పినాను. ఆమె ముప్పై ఏళ్ళు గోదావరి జిల్లాలో ఒక తహసీల్దారు ఆఫీసులో అర్జీలు తీసుకొన్న మనిషి. ఎక్కడ ఇవ్వాలో ఆమెకు తెలియును.

నాకు ఇంకేమీ అక్కరలేదు. ఈ ఒక్కటి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పార్థసారథి
(చేతి వణుకు చేత సంతకము పాత సంతకముతో సరిపోలదు.)

తా.క.

అయ్యా, ఇది రాస్తున్నది పై అర్జీదారు అక్క రాజరాజేశ్వరిని. మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నానండి. నా సర్వీసులో చదవకుండా ఒక్క అర్జీ కూడా లోపలికి పంపలేదు. అలవాటు కొద్దీ కవరు విప్పాను.

అర్జీలో లోపం ఉంది. పేరు లేకుండా అందరికీ ఇచ్చిన నోటీసును ఎవరూ పట్టించుకోరు. నా పేరు మీద, ఫ్లాటు 504 అని రాసి ఇప్పించండి.

రేపటి నుంచి నేను గింజలు వేయను. దానికి నోటీసుతో పని లేదు. వాడు ఆసుపత్రిలో ఉన్న ఆ పదకొండు రోజులూ, త్వరగా తేరుకోవాలని రోజూ రెండు దోసిళ్ళు ఎక్కువ వేశానండి. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

అయినా కాగితం కావాలి. స్వామికి మాట ఇచ్చాను కదా. నా అంతట నేను మానలేదు, గవర్నమెంటు వారు ఆపించారు అని ఆయనకు చూపించుకోవాలి. అందుచేత ఆఫీసు ముద్ర స్పష్టంగా పడేలా చూడండి.

కవరు మళ్ళీ అంటించాను. నేను చదివినట్టు వాడికి తెలియనివ్వకండి. వీలైతే మీ మనిషినొకరిని పంపి మా వీధిలో మురుగు కాలువ కూడా చూయించండి. వాడు నాతో అదేనని చెప్పాడు.