మూత మీది పేరు

ప్రొద్దుటూరు,
అక్టోబరు 14.

చిరంజీవి ఎస్తరుకు,

అమ్మ కరుణమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అని రాయడం అలవాటే గానీ, నువ్వు పీజీ చదువుకని విశాఖపట్నం వెళ్ళాక ఈ ఇంట్లో అందరం అంటే నేనొక్కదాన్నే. పోయిన సోమవారం నుంచి మాత్రం ఆ మాట కొంచెం నిజమైంది. ఎట్లాగో చెప్తాను, కంగారు పడకు.

నీ ఉత్తరం అందింది. చేతిలో ఫోన్ పెట్టుకొని ఉత్తరాలేందమ్మా అని నువ్వే నవ్వుతావు, మళ్ళీ నువ్వే నాలుగు పేజీలు రాస్తావు. ఫోన్లో నీ గొంతు వింటే నాకు కొన్ని మాటలకు నోరు పెగలదు. కాగితం మీదైతే ఎవరూ మధ్యలో అడ్డం రారు.

మోకాళ్ళ సంగతి అడిగావు. నువ్వు చెప్పిన మాత్రలు రోజూ వేసుకుంటున్నానని రాద్దామనుకున్నాను. ఈ ఉత్తరంలో అబద్ధం వద్దని ఆగాను. రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. మెదడు మోకాల్లో ఉందే నీకు అని మా అమ్మ తిట్టేది. అదే నిజమైతే, నాది ఈపాటికి బాగా అరిగిపోయి ఉండాలి.

జమ్మలమడుగు నుంచి యేసుబాబు పెద్దనాయన ఫోన్ చేశాడు. నవంబరు రెండున సమాధుల పండుగకు నువ్వొస్తున్నావని చెప్పగానే మేస్త్రీని కూడా మాట్లాడేశాడట. "సమాధికి సున్నం కొట్టేటప్పుడే తలకాడ రెండు బండలు లేపిస్తా కరుణమ్మా. మా తమ్మునిది మా తమ్ముని కాడికి చేరిస్తే నా మనసు కుదుటపడతాది" అన్నాడు. అని ఏడ్చాడు.

ఎందుకు ఏడ్చాడో నీకు తెలుసు. అయినా ఇంకోసారి రాస్తాను, ఎందుకంటే ఇకమీద చెప్పేదంతా దాని మీదే నిలబడి ఉంది. మీ నాయన పులివెందుల మిషన్ బడిలో సైన్సు చెప్పేవాడు. గుండె జబ్బుతో మా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పోయేటప్పటికే, తన దేహం పిల్లల చదువుకివ్వమని సంతకం పెట్టి ఉన్నాడు. పెద్దనాయన వరండాలో అడ్డం నిలబడ్డాడు. "పునరుత్థానం నాడు నా తమ్ముడు ఏ ఒంటితో లేస్తాడు? చెప్పండి!" అని డాక్టర్ల మీద అరిచాడు. చివరికి దేహం జమ్మలమడుగు సమాధుల తోటకు, మెదడు ఒక్కటి కాలేజీకి అని రాజీ కుదిరింది. అప్పటి అనాటమీ పెద్దసారు జాలిపడి నాకు మ్యూజియంలో అటెండరు పని ఇప్పించాడు. అప్పటికి నీకు నాలుగేళ్ళు. పొద్దున్నే పోయి మొగుడి జాడీ మీద దుమ్ము తుడిచే ఉద్యోగం ఏ ఆడదానికీ దొరికి ఉండదు. ఇరవై రెండేళ్ళు చేశాను.

ఇప్పుడు మ్యూజియం కొత్త బిల్డింగులోకి మారుతోంది. పాత జాడీలు వదిలించుకుంటున్నారు. కుటుంబం వాళ్ళు తీసుకుపోవచ్చని పద్మావతమ్మ మేడం, ఇప్పటి అనాటమీ హెడ్డు, కబురు చేసింది. నాయనను తెచ్చేసుకుందాం, మట్టిలో కలిపేద్దాం అని నువ్వు రాశావు. దాని కిందే ఇంకో మాట రాశావు. ఆడ మెదడుకూ మగ మెదడుకూ తేడాల మీద సెమినారు చెప్పాలి, నాయన జాడీనీ దాని పక్కనున్న ఆడమనిషి జాడీనీ ఫోటో తీసి పంపమ్మా అని.

ఫోటో పంపలేదు. ఎందుకో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన మూడో ప్రశ్నకు జవాబు చెప్తాను. ఏడో తరగతి నుంచి నిన్ను మ్యూజియంలోకి ఎందుకు రానివ్వలేదని అడిగావు. నేను రోజూ పొద్దున, పిల్లలు రాకముందు, 'పురుషుడు' అని రాసి ఉన్న జాడీతో ఇంటి సంగతులు చెప్పుకునేదాన్ని. నీకు ఆరేళ్ళప్పుడు కడుపునొప్పితో రెండు రోజులు ఏడ్చావు. జాడీ ముందు నిలబడి ఏం చేసేది అన్నాను. ఆముదం ఆకు వెచ్చజేసి పొట్టమీద వెయ్యి అని తోచింది. విన్నానని చెప్పను. కానీ ఆ తోచిన మాట నాది కాదు, నాకు ఆ వైద్యం తెలియదు. ఆకు వేశాను, తగ్గింది. మొగుడు ఇంకా కనిపెట్టుకొని ఉన్నాడని సంబరపడ్డాను.

ఆ తర్వాత పాట వచ్చింది, అదీ జాడీ ముందు నిలబడ్డప్పుడే. నీకు జడ వేస్తూ పాడేదాన్ని, గుర్తుందా? ఒకరోజు పక్కింటి ఖాతూన్‌బీ గోడ అవతల నుంచి విని, చేతిలో చాట అట్లాగే పట్టుకొని నిలబడిపోయింది. "ఈ జోలపాట యాడ నేర్చుకున్నావు కరుణమ్మా? మా నానీ పాడేది. ఇప్పుడు మా ఇండ్లల్లోనే ఎవరికీ రాదు" అంది. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అందులో మాటలు ఉర్దూవని కూడా ఆమె చెప్తేనే తెలిసింది. మీ నాయన దగ్గర తురకపిల్లలు శానామంది చదివారు కదా, వాళ్ళు ఆయనకు నేర్పి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. బడిపిల్లలు సైన్సు అయ్యవారికి జోలపాట నేర్పుతారా అని మాత్రం నన్ను నేను అడగలేదు. ఆ రోజు నుంచే రెండో జాడీ వైపు చూడ్డం మొదలుపెట్టాను. ఆ జాడీలోని ఆడమనిషి పులివెందుల బస్టాండులో పడిపోయి చచ్చిపోయిందట. మా మనిషని ఎవరూ రాలేదు. రికార్డులో పేరు కూడా లేదు.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా బడి నుంచి అటే వచ్చావు. పోయేటప్పుడు నాయన జాడీకి వీపు పెట్టి, 'స్త్రీ' అని రాసి ఉన్నదాని ముందు నిలబడి, "పోయొస్తా నాయనా" అన్నావు. అది కాదే, పేరు చదువు అని కసిరాను. "చదివినాలే మా" అన్నావు, అంత మామూలుగా. మళ్ళీ నిన్ను ఆ గది గడప తొక్కనివ్వలేదు.

ఎందుకంత భయపడ్డానో ఇప్పుడు చెప్తాను. ఇది ఇంతవరకు ఏ పాస్టరుకూ చెప్పలేదు.

పనిలో చేరిన మూడో నెల. జాడీల్లో మందునీళ్ళు మార్చాలి. ఒక జాడీ పూర్తిగా ముగించి, మూత బిగించి, అప్పుడే ఇంకో జాడీ తెరవాలి. పెద్దసారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. గాజు తడిస్తే కాగితం ఊడిపోతుందని పేర్లు మూతల మీదే రంగుతో రాసి ఉంటాయి. ఆ రోజు నువ్వు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఖాతూన్‌బీ ఇంట్లో ఉన్నావు. తొందరగా పోదామని రెండూ ఒకేసారి తీసి రెండు పింగాణీ పళ్ళేల్లో పెట్టి, మూతలు రెండూ ఒకే బేసిన్‌లో కడిగాను. వెనక్కి తిరిగి చూస్తే రెండు పళ్ళేలు, రెండు మూతలు. ఏది ఎవరో నాకు తెలియలేదు.

ఎస్తరూ, ఆ మనిషితో ఆరేళ్ళు సంసారం చేశాను. ఆయన కోపం తెలుసు, దొంగనవ్వు తెలుసు, ఏ మాటకు ఏం బదులిస్తాడో ముందే తెలుసు. అవన్నీ అందులోనే ఉన్నాయి కదా, ఆ పళ్ళెంలో. వంగి చూశాను, ముట్టుకొని చూశాను. ఏమీ తెలియలేదు. ప్రార్థన చేసి, చేతికొచ్చిన మూత చేతికొచ్చినదాని మీద పెట్టాను. చెబితే ఉద్యోగం పోతుంది, నిన్ను పెంచలేను. అందుకే చెప్పలేదు.

పాఠం నాడు పెద్దసారు రెండు జాడీలూ బల్ల మీద పెట్టి, "చూడండి, మగవాడిది నిండుగా ఉంది, ఆడదానిది సున్నితంగా ఉంది, ఈ మడతలు చూస్తేనే తెలుస్తుంది" అన్నాడు. హమ్మయ్య, సరిగానే పెట్టానని ఏడుపొచ్చింది. అయినా మనసు ఊరుకోలేదు. మరుసటేడు పాఠానికి ముందు కావాలనే మూతలు తారుమారు చేశాను. పెద్దసారు ఈసారి ఇంకో జాడీని మగవాడిదని చూపించి అవే మాటలు చెప్పాడు, ఒక్క ముక్క తేడా లేకుండా. నలభై తలలు అవునవునని ఊగాయి. నేను వెనక గోడకు ఆనుకొని నిలబడి చూశాను. వాళ్ళు పోయాక మూతలు మళ్ళీ ఎట్లా ఉన్నవట్లా మార్చేశాను.

పోయిన సోమవారం జాడీ తెచ్చుకోవడానికి పోయినప్పుడు రెండు మూతల మీదా టవలు కప్పి, "ఇందులో మగది యాది మేడం?" అని అడిగాను. పద్మావతమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని శానాసేపు చూసింది. "సగటు తీస్తే మగోళ్ళది కొంచెం పెద్దగా ఉంటాది. అది వందల మందిని లెక్కేస్తే వచ్చే మాట. ఈ రెండింట్లో యాదని అడిగితే, నేనూ మూత చూసే చెప్తా" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె లేచి తలుపు దగ్గరకు వేసింది. అంతా చెప్పాను. పరీక్షకు పంపొచ్చు, కానీ ఇన్నేళ్ళు మందులో నానింది కదా, తేలుతుందో లేదో అంది.

వద్దన్నాను. రెండూ ఇచ్చేయమన్నాను. రెండు ఫారాలిచ్చింది. చనిపోయిన వారితో మీ సంబంధం అనే చోట రెండింట్లోనూ 'భార్య' అని రాశాను. మేడం ఒకసారి చదివింది, నా మొహం చూసింది, ముద్ర వేసి ఇచ్చింది.

ఇప్పుడు రెండు జాడీలూ నా కుట్టుమిషను మీద ఉన్నాయి, మీ నాయన పాత పంచె కప్పి. మంగళవారం మధ్యాహ్నం నేను అంగడికి పోయి వచ్చేటప్పటికి ఖాతూన్‌బీ గిన్నెలో సేమ్యా పట్టుకొని మన గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంట్లో ఎవరున్నారు? పిలిస్తే తలుపు తీయరేంది? మాటలు వినపడతాండాయి" అంది. తలుపుకు నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. మగ గొంతా, ఆడ గొంతా అని అడిగాను. ఆమె గిన్నె చేతిలోనే పెట్టుకొని ఆలోచించింది. "అది తెలీలేదమ్మా" అంది.

భయం లేదా అంటే ఉంది. పగలు కూడా ముందుగదిలోకి దగ్గుతూ పోతున్నాను. అయినా నువ్వు వచ్చి పరీక్ష చేయిస్తానని మాత్రం అనొద్దు. తేలితే, ఇరవై రెండేళ్ళు నేను ఎవరితో కాపురం చేశానో తేలిపోతుంది. నిన్ను పెంచడానికి సాయపడింది ఎవరో తేలిపోతుంది. వాళ్ళలో ఒకర్ని పరాయి అనమంటే నా వల్ల కాదు. నీ సెమినారులో నీ పుస్తకం చెప్పింది చెప్పు, కానీ మా జాడీలు చూపించొద్దు.

రెండింటినీ మీ నాయన సమాధి తలకాడే పెడదాం. పెద్దనాయనకు నేనే చెప్తాను, అరిస్తే అరవనీ. ఆయన భయమే ఇప్పుడు నాకూ పట్టుకుంది. ఆ పునరుత్థాన దినాన బూర ఊదినప్పుడు మీ నాయన సమాధిలోంచి లేచి నా వైపు చూస్తాడు. ఆ కళ్ళలోంచి చూసేది ఎవరో నాకు తెలియదు. అయినా ఎదురెళ్తాను. పేరు పెట్టి పిలుస్తాను, సత్యానందం అని. ఎవరు పలికితే వాళ్ళ చెయ్యి పట్టుకుంటాను.

ఇట్లు,
నిన్ను వాళ్ళిద్దరితో కలిసి పెంచిన
మీ అమ్మ