మా పడకగదిని చెరువుల జాబితా నుంచి తొలగించుట గురించి

చెరువుల సర్వే అధికారి గారి సముఖమునకు, బేకరీ వెనక ఇంట్లో బట్టలు కుట్టుకుని బతుకుతున్న గృహిణి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పడకగది చెరువుగా నమోదైన కారణముగా ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చిన నోటీసును రద్దు చేయమని కోరుట.

1. మా పడకగది గోడకు ఆవలివైపు బేకరీ వారి బట్టీ కలదు. దాని కింద మట్టిలోని చెమ్మ వేడికి ఆవిరై, మట్టి సందుల్లోంచి చల్లగా ఉన్న మా నేల కిందికి వచ్చి, బండల అడుగున మళ్లీ నీరవుతోంది. పాలగిన్నె మూతకు బొట్లు పట్టినట్టే. మట్టి బొత్తిగా ఎండితే కదిలే నీరుండదు, నాని ముద్దయితే ఆవిరికి దారుండదు. మా ఖర్మకు అక్కడి మట్టి ఎప్పుడూ నడిమి చెమ్మలోనే ఉంటోంది. ఇది నా తెలివి కాదు, హైస్కూల్లో సైన్సు టీచరమ్మ చెప్పినది.

2. కుళాయి గొట్టం పగిలిందేమో చూడమని అర్జీ పెట్టుకోగా, అది ఎలాగో తమ ఆఫీసుకు చేరి, తమ సర్వేయరు గారు వచ్చి, బండ ఎత్తించి, నీరు ఉండి గొట్టం లేనందున ఇది సహజమైన చెరువని రాసుకున్నారు. చెరువులో ఇల్లు ఆక్రమణ గనుక నెలాఖరులోగా ఖాళీ చేయవలెనని నోటీసు వచ్చినది.

3. ఇంతలో బట్టీ ఇటుకలు కూలినవి. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. బాగుచేసే వరకు పొయ్యి ఆర్పగా, బయట వాన కురుస్తున్నా మా నేల పొడిబారింది. నేను గొడుగేసుకుని వెళ్లి సర్వేయరు గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన నేల తడిమి చూసి, "చెరువు ఎండిపోయిందమ్మా. వానల్లోనే ఎండిందంటే దీన్ని ఇంకా గట్టిగా కాపాడాలి" అన్నారు. చెరువు ఎండబెట్టిన నేరం కూడా నోటీసులో చేరింది.

4. మా అత్తగారు మంచం దిగలేరు. ఆవిడ ఆయనతో, "నాయనా, నేను కాపురానికొచ్చిన కాణ్ణించీ ఈ మంచం మీదే పడుకుంటున్నా. ఇది పడవని రాసుకుని నన్నొదిలెయ్" అన్నారు. ఆయన నిజంగానే రాసుకున్నారు. ఇప్పుడు పడవకు లైసెన్సు అడుగుతున్నారు. ఆవిణ్ణి నేను ఎక్కడికి మోసుకుపోను?

5. బేకరీ అన్నయ్య మంచివాడు. బట్టీని అవతలి గోడకు జరుపుకుంటానన్నాడు. చెరువు గట్టున తవ్వకాలు నిషేధమని తమ ఆఫీసు వారు ఆపించారు.

కావున తమరు ఒక్కసారి స్వయంగా దయచేసి, ఆ బట్టీని, ఈ నేలను చూసి, మా గదిని గదిగానే నమోదు చేయించ ప్రార్థన. రోజూ దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను గానీ, సంతకం పెట్టవలసింది తమరు. మా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బేకరీ వెనక ఇంటి కోడలు

తా.క.: ఈ కాగితం మడుస్తుండగానే తమ ఆఫీసు మనిషి వచ్చి మా వీధి గుమ్మానికి "లోతు ఎక్కువ. స్నానాలు నిషేధం" అని బోర్డు కొట్టి వెళ్లాడు. మా స్నానాల గది ఆ గుమ్మానికి లోపలే ఉంది. స్నానం చెయ్యందే ప్రార్థనకు కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఈ పూటకు దేవుణ్ణి అడిగి స్నానం చేసేశాను. రేపటికి తమ అనుమతి ఇప్పించగలరు.