శనివారం పొగ రాని మా ఇంటి గురించి

అయ్యా,

విషయం: చాటుగా యూదుల ఆచారాలు పాటిస్తుందన్న ఫిర్యాదు మీద నా కోడలు గియోమార్‌ను కొయింబ్రా పట్నానికి విచారణకు పంపవద్దని వేడుకొనుట గురించి.

ధర్మ విచారణ కమిషనరు గారి సముఖమునకు, చర్చి వెనక వీధి బ్రియోలాంజా వాజ్ విన్నవించుకొనునది.

తమరు క్షేమమా? తమ తల్లిగారి దగ్గు తగ్గిందా? గుమాస్తాగారి పంటి వాపు ఎలా ఉంది? తమ కంచరగాడిద మొన్న వంతెన మీద కుంటుతూ కనబడింది, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఫిర్యాదు చేసినవారి పేరు మాకు చెప్పకూడదట. అందుకని నేనూ అడగను. మా పొరుగింటి బెల్షియోర్ గారు కులాసాగా ఉన్నారు.

1. మేము పంది మాంసం ముట్టమని ఫిర్యాదు. మా పొగగొట్టం కింద వేలాడే, పేగుల్లో మాంసం కూరి కట్టిన దండలను వీధిలో అందరూ చూస్తున్నారు. బెల్షియోర్ గారు ఏటా చలికాలమంతా వచ్చి తిని, "పిన్నీ, ఇంత మంచి పంది మాంసం ఈ ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు" అని మూతి తుడుచుకుని వెళతారు. అది పంది కాదని ఇప్పుడు తేలితే, ఇన్నేళ్ళూ ఆయన తిన్నదేమిటి? ఆయన ఆత్మ గురించి నాకు దిగులుగా ఉంది. మా పెరట్లో కోళ్ళు తగ్గిపోవడం నక్క వల్ల. ఆ నక్క దండలు కట్టే వారంలోనే వస్తుంది.

2. ఇల్లు గుమ్మం నుంచి లోపలికి ఊడుస్తామని ఫిర్యాదు. బయటికి ఊడిస్తే దుమ్ము బెల్షియోర్ గారి వాకిట్లో పడుతుంది. అప్పుడు దానికొక ఫిర్యాదు.

3. యూదులు పొయ్యి వెలిగించని శనివారం మా పొగగొట్టంలోంచీ పొగ రాదని ఫిర్యాదు. అసలు తగవు ఇక్కడే పుట్టింది. ఆయన గోడ మీదుగా, "ఏం గియోమార్, మీ పొయ్యి శనివారాలు పడుకుంటుందా?" అన్నారు. అది ఊరుకోక, "పడుకుంటుంది బావగారూ. మీ ముక్కుకే ఏ వారమూ సెలవు లేదు" అంది. నోరు దురుసు, అంతే. నోటి దురుసు మతం కిందికి రాదని నమ్ముతున్నాను.

అయ్యా, రాజుగారి మనుషులు యూదుడైన మా నాన్నను లిస్బనులో గుంపుతో నిలబెట్టి నీళ్ళు చల్లి క్రైస్తవుణ్ణి చేశారు. అప్పటికి నేను పుట్టనే లేదు. ఇప్పుడు నాకు పళ్ళు లేవు. ఇంకా మమ్మల్ని కొత్త క్రైస్తవులనే అంటారు. కొత్త చెప్పు కూడా నెల తిరిగితే పాతదవుతుంది గదా. కొయింబ్రా వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పరు. గియోమార్ బిడ్డ ఇంకా పాలు మానలేదు. నా దగ్గర భయం తప్ప పాలు లేవు. తల్లిని బిడ్డ దగ్గర ఉండనివ్వండి. కావాలంటే నన్ను తీసుకుపోండి, మాటకు ఎదురు చెప్పను.

ఈ ముసలిదాని మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బ్రియోలాంజా వాజ్

మరిచాను: తమరు స్వయంగా మా ఇల్లు చూడడానికి వస్తున్నట్టు కబురు అందింది. వేడివేడిగా దండ వేయించి పెడతాము. గురువారమైతే మాకు వీలు. కాదు, గుమాస్తాగారు చెప్పిన రోజే అంటే, అలాగే. ముందుగా చెప్పారు గనుక పొయ్యి వెలిగించి ఉంచుతాము. వచ్చే శనివారం, మధ్యాహ్నం.