సరిత పేరు మీద వచ్చిన రిపోర్టు

మంగళవారం, రాత్రి

సరిత జన్యు పరీక్ష రిపోర్టు ఈరోజు హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చింది. వాళ్లమ్మ ప్రాణం తీసిన రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన లోపమే ఇందులోనూ ఉంది. అయిదో నెల కడుపుతో ఉన్న పిల్లకు ఎలా చెప్పాలా అని పొద్దంతా మాటలు కూర్చుకున్నాను. చెప్పాను. సరిత ఏడవలేదు. పక్కనున్న అత్త వైపు చూసింది.

"గా రక్తం గీ పిల్లది కాదు డాక్టరమ్మా," అంది అత్త. "కడుపుతోటున్నదాన్ని గంత రక్తం ఎట్ల తియ్యనిస్త? దీని చెల్లెను పంపిన. ఒక్క తల్లి పిల్లలే గద, ఇద్దరిదీ ఒకటే రక్తం."

మా మిర్యాలగూడ క్లినిక్‌లో పేరు పిలిస్తే ఎవరు లేచి వస్తే వాళ్లకే సూది. షుగర్‌కూ మలేరియాకూ ఇన్నేళ్లు అలాగే నడిచింది. ఆధార్ చూడమని నేను ఏనాడూ చెప్పలేదు. తప్పంతా అత్తదే అని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రావడం లేదు.

అంటే ఆ లోపం చెల్లెలు స్వప్నది. ఇంకా పెళ్లి కాలేదు. తెలుసుకుంటానని ఆ పిల్ల అడగలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆమెకన్నా ముందు అక్క అత్తకు తెలిసిపోయింది, అదీ నా నోటితోనే. సరితకు ఆ లోపం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

అప్పటిదాకా బయట బెంచీ మీద కూర్చున్న స్వప్న తలుపు తీసి తొంగిచూసింది. "మేడం, అక్కకేం లేదు గద?"

మళ్లీ ఒకసారి రక్తం తీయాలి అన్నాను.

ఆమె గాజులు పైకి తోసుకుని నా ముందు చెయ్యి చాపింది.

"తీసుకోండ్రి మేడం. అక్కను పరేషాన్ చెయ్యకుండ్రి."