పెరటి గొట్టం చప్పుడు

మే 14, 2006, ఆదివారం రాత్రి. కవిటి.

వారం రోజులుగా పెరటి గోడ దగ్గర ఢమ్మనే చప్పుడుకు హడలి చస్తున్నాను. మధ్యాహ్నం వీధరుగు మీద జీడిపిక్కలు ఒలుస్తుంటే వినిపిస్తుంది. పరుగెత్తుకెళ్లి చూస్తే పెరట్లో ఎవరూ ఉండరు. మా ఆయన మంచం మీద కళ్లు మూసుకుని ఉంటారు.

ఈరోజు పొద్దున్నే పైపుల పని చేసే సింహాచలం వచ్చి చూశాడు. ట్యాంకు నుంచి దిగే గొట్టాన్ని అప్పట్లో మేమే కొబ్బరి తాడుతో గోడ మేకులకు కట్టాం. ఆ తాడు కుళ్లిపోయింది.

"కుళాయి గబుక్కున కట్టేత్తే పారే నీరు ఒక్కసారి ఆగిపోద్ది వదినా. ఆ ఊపుకి పైపు గోడకి కొట్టుకుంతాది. బయమేటి నేదు. పైపు కదల్కుండా క్లాంపులు ఎయ్యమంతావా?"

నాకు అసలు భయం అప్పుడే మొదలైంది. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన కిడ్నీలు పాడయ్యాయి, రోజుకు ఒక్క సీసాకు మించి నీళ్లు తాగనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఆ సీసా నేనే నింపి ఇస్తున్నాను. అయినా కాళ్ల వాపు తగ్గడం లేదు.

"క్లాంపులొద్దు బాబూ, అలగే ఉండనీ" అన్నాను. సింహాచలం నన్ను వింతగా చూశాడు.

ఈ మధ్యాహ్నం చప్పుడు వినిపించలేదు. మా మాటలు ఆయన విన్నారేమో. ఇప్పుడు కుళాయి మెల్లగా కడుతున్నారేమో...